అమెరికా ఇవాంజెలికల్ సంఘాలు రిపబ్లికన్ పార్టీ వైపు ఎలా వెళ్లాయి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంత వరకు ముందుగా చెబుతాను. డాలస్‌లో స్థిరపడిన మీ అన్నయ్యగారు అక్కడ తెల్లవారు ఎక్కువగా ఉండే ఒక బాప్టిస్టు సంఘానికి వెళ్తున్నారు. ఆ సంఘంలో దాదాపు అందరూ రిపబ్లికన్ పార్టీకే ఓటు వేస్తారనీ, గర్భస్రావం విషయంలో బైబిలు బోధ వల్లనే అలా వేస్తారనీ ఆయన మీతో అన్నారు. అది నిజమేనా, విశ్వాసమే ఓటును నిర్ణయిస్తోందా, రేపు మన దగ్గర కూడా ఇదే జరుగుతుందా అని మీరు అడిగారు. నేను ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు కుటుంబంలో పుట్టి, అమెరికాలోని ఒక కళాశాలలో చాలా ఏళ్లు అమెరికా రాజకీయ చరిత్ర బోధించినవాణ్ణి. అందువల్ల ఈ విషయం నాకు పుస్తకాల్లో చదువుకున్నది మాత్రమే కాదు, ఇంటి విషయం కూడా. కాస్త వివరంగా రాస్తున్నందుకు ఓపిక పట్టండి.

మీ అన్నయ్యగారు చెప్పిన దానిలో సగం నిజం ఉంది. ఈ రోజు ఆ సంఘాల్లో కూర్చున్న చాలామందికి గర్భస్రావాన్ని వ్యతిరేకించడం నిజమైన, లోతైన నమ్మకం; దాన్ని ఓట్ల ఎత్తుగడ అని కొట్టిపారేయడం వారికి అన్యాయం చేయడమే. అయితే ఆ సంఘాలు ఒక పార్టీ వైపు సమీకృతం కావడం ఆ నమ్మకంతో మొదలు కాలేదు. సమీకరణ మొదలైనప్పుడు ఆ నమ్మకం ఇంత గట్టిగా లేదు కూడా.

ముందు ఇవాంజెలికల్ అంటే ఎవరో స్పష్టం చేసుకోవాలి. ఇది కాథలిక్ వంటి ఒక శాఖ పేరు కాదు. డేవిడ్ బెబ్బింగ్టన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు 1989లో దీనికి నాలుగు గుర్తులు చెప్పాడు: మనిషి మారుమనస్సు పొంది తిరిగి జన్మించాలనడం, బైబిలే అంతిమ ప్రమాణమనడం, క్రీస్తు సిలువ మరణాన్ని విశ్వాసానికి కేంద్రంగా నిలపడం, ఆ సువార్తను చేతల్లో చూపి నలుగురికీ చెప్పడం. మన కోస్తా జిల్లాల సంఘాల్లో సాక్ష్యం చెప్పే ఏ విశ్వాసిని అడిగినా ఈ నాలుగూ తమవేనంటారు. అమెరికాలోని నల్లజాతి బాప్టిస్టులూ అదే అంటారు. వారు చదివేది అదే బైబిలు, వారు ఇచ్చేదీ నీటిలో ముంచి ఇచ్చే అదే బాప్తిస్మం. అయినా నల్లజాతి ప్రొటెస్టంట్లలో అత్యధికులు దశాబ్దాలుగా డెమోక్రటిక్ పార్టీకే ఓటు వేస్తున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ బోధించిన అట్లాంటాలోని ఎబెనెజర్ బాప్టిస్టు సంఘానికి కాపరిగా ఉన్న రాఫెల్ వార్నాక్ 2021 జనవరిలో ఆ పార్టీ తరఫునే జార్జియా నుంచి సెనేటుకు గెలిచాడు. ఒకే వాక్యం రెండు వైపులా రెండు ఓట్లుగా మారుతున్నప్పుడు, వాక్యానికీ ఓటుకూ మధ్య ఇంకేదో ఉందని ఒప్పుకోక తప్పదు. అందుకే అమెరికా సర్వేలలో ప్రత్యేకంగా ‘శ్వేతజాతి ఇవాంజెలికల్’ అనే వర్గం ఉంటుంది.

20వ శతాబ్దం మొదట్లో ఇవాంజెలికల్ విశ్వాసి అంటే సంప్రదాయవాది అని అర్థం కాదు. అధ్యక్ష పదవికి డెమోక్రటిక్ అభ్యర్థిగా మూడుసార్లు పోటీ చేసిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్ గాఢమైన బైబిలు విశ్వాసి, అదే సమయంలో అప్పుల్లో కూరుకున్న రైతుల పక్షాన పెద్ద బ్యాంకులతో పోరాడినవాడు. 1925లో టెనెస్సీలోని డేటన్ ఊళ్లో పరిణామ సిద్ధాంత బోధనపై జరిగిన స్కోప్స్ విచారణలో ఆయన ఆ బోధనకు వ్యతిరేకంగా వాదించి గెలిచినా, పత్రికల్లో ఎగతాళి పాలయ్యాడు. అటు తర్వాత చాలా సంఘాలు లోకానికి దూరంగా తమ బైబిలు కళాశాలలు, తమ రేడియో ప్రసంగాలు తాము చూసుకుంటూ ఉండిపోయాయి. వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో పెద్ద సంఘాన్ని నడిపిన జెర్రీ ఫాల్‌వెల్ 1965లో, పౌర హక్కుల ఊరేగింపుల్లో నడుస్తున్న బోధకులను విమర్శిస్తూ, బోధకుడి పిలుపు ఆత్మలను సంపాదించడానికే గాని రాజకీయాలకు కాదని ప్రసంగించాడు. పద్నాలుగేళ్ల తర్వాత ‘మోరల్ మెజారిటీ’ అనే రాజకీయ సంస్థను స్థాపించింది ఆయనే.

ఆ పద్నాలుగేళ్లలో ఏం జరిగింది? గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన రో తీర్పు 1973లో వచ్చింది కాబట్టి అదే కారణమని చాలామంది అనుకుంటారు. కాని దానికి రెండేళ్ల ముందు, 1971లో, సెయింట్ లూయిస్‌లో సమావేశమైన సదరన్ బాప్టిస్టు మహాసభ (దక్షిణాదిలో పుట్టిన బాప్టిస్టు సంఘాల సమాఖ్య) ఒక తీర్మానం చేసింది. అత్యాచారం, రక్తసంబంధీకుల వల్ల గర్భం, పిండంలో తీవ్రమైన వైకల్యం, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి హాని వంటి సందర్భాల్లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టాల కోసం సభ్యులు పనిచేయాలని ఆ తీర్మానం కోరింది. ఆ రోజుల్లో గర్భస్రావాన్ని ప్రధానంగా కాథలిక్కుల సమస్యగానే ఎంచేవారు. తరగతి గదిలో ఈ తీర్మానాన్ని చదివినప్పుడల్లా, సంఘ వాతావరణంలో పెరిగిన విద్యార్థులు నమ్మలేక మళ్లీ చదవమని అడగడం నాకు గుర్తుంది.

సంఘ నాయకులను నిజంగా కదిలించింది పాఠశాలల పన్ను వ్యవహారమని నా అభిప్రాయం. 1954లో బ్రౌన్ తీర్పు ప్రభుత్వ బడుల్లో జాతి విభజన చెల్లదని చెప్పాక, ఆ తీర్పు అమలులోకి వచ్చే కొద్దీ దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవారి పిల్లల కోసం ప్రైవేటు బడులు వెలిశాయి. వాటిలో చాలా బడులు చర్చి ఆవరణల్లోనే నడిచాయి. అటువంటి బడులకు ఇచ్చే విరాళాలపై పన్ను మినహాయింపు ఎందుకివ్వాలని మిసిసిపీకి చెందిన నల్లజాతి తల్లిదండ్రులు కోర్టుకెక్కి, 1971లో గెలిచారు. దక్షిణ కరోలినాలోని బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం 1971 దాకా నల్లజాతి విద్యార్థులను చేర్చుకోలేదు; చేర్చుకున్నాక కూడా వేర్వేరు జాతుల యువతీయువకుల మధ్య ప్రేమను, పెళ్లిని నిషేధించింది. 1976లో పన్నుల శాఖ దాని మినహాయింపును రద్దు చేసింది. 1978లో అదే శాఖ, జాతి విభజన రద్దవుతున్న కాలంలో పుట్టిన ప్రైవేటు బడులన్నీ తాము వివక్ష చూపడం లేదని నిరూపించుకోవాలనే ముసాయిదా నిబంధనలు తెచ్చేసరికి, దేశమంతటా సంఘాల నుంచి లక్షకు పైగా నిరసన లేఖలు వచ్చి పడ్డాయి. అప్పటి దాకా గర్భస్రావం, అశ్లీల సాహిత్యం, బడుల్లో ప్రార్థన వంటి అంశాలతో సంఘాలను కదిలించాలని చూసి విఫలమైన పాల్ వేరిచ్ అనే సంప్రదాయవాద వ్యూహకర్త, చివరికి సంఘాలను లేపింది క్రైస్తవ బడులపై అప్పటి అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వం చేసిన జోక్యమేనని తర్వాతి కాలంలో తానే స్పష్టంగా చెప్పాడు. చరిత్రకారులందరూ దీన్ని ఒకే తీరుగా చూడరు. స్త్రీల సమాన హక్కుల సవరణపై వ్యతిరేకత, స్వలింగ సంపర్కుల హక్కులపై 1977లో ఫ్లోరిడాలో జరిగిన పోరు, బడుల్లో ప్రార్థనను తొలగించిన 1962, 1963 తీర్పుల మీద ఆగ్రహం కూడా అందులో కలిశాయని వాదించేవారున్నారు, ఆ వాదనలో బలం ఉంది. ఆ పోరాడిన తల్లిదండ్రులందరినీ జాతి ద్వేషులని నేను అనను. తమ పిల్లల చదువులో ప్రభుత్వం వేలు పెడుతోందని నమ్మినవారు వారిలో చాలామంది. అయినా ఆ బడులు ఎందుకు పుట్టాయో మరచిపోవడం న్యాయం కాదు.

1980 ఎన్నికను మీ అన్నయ్యగారి ముందు పెట్టి చూడండి. ఒకవైపు డెమోక్రటిక్ అభ్యర్థి జిమ్మీ కార్టర్: తిరిగి జన్మించినవాణ్ణని బహిరంగంగా సాక్ష్యమిచ్చినవాడు, జార్జియాలోని ప్లెయిన్స్ అనే పల్లెలో సండే స్కూలు బోధించిన సదరన్ బాప్టిస్టు. మరోవైపు రిపబ్లికన్ అభ్యర్థి రోనాల్డ్ రీగన్: విడాకులు పొందిన సినిమా నటుడు, 1967లో కాలిఫోర్నియా గవర్నరుగా గర్భస్రావ నిబంధనలను సడలించే చట్టంపై సంతకం చేసినవాడు. ఆ ఏడాది ఆగస్టులో, మీ అన్నయ్యగారు ఉంటున్న డాలస్‌లోనే, వేలాది బోధకుల సభలో నిలబడి రీగన్, మీరు నన్ను బలపరచలేరని నాకు తెలుసు, నేను మాత్రం మిమ్మల్ని బలపరుస్తున్నాను అనే అర్థంలో మాట్లాడాడు. నవంబరులో శ్వేతజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో ఎక్కువమంది సండే స్కూలు ఉపాధ్యాయుణ్ణి విడిచి నటుడి వెంట నడిచారు. వ్యక్తి విశ్వాసమే కొలమానమైతే ఈ ఫలితం రాకూడదు.

ఇక ఈ ఓటు బలం ఎక్కడ పనిచేస్తుందో మన పాఠకులకు సరిగా అందదు, ఎందుకంటే మన దగ్గర టికెట్ ఇచ్చేది పార్టీ అధిష్ఠానం. అమెరికాలో అధిష్ఠానం టికెట్ ఇవ్వదు. ప్రైమరీ అనే ముందస్తు ఎన్నికలో ఓటర్లే అభ్యర్థిని ఎంచుకుంటారు. ఆ ప్రైమరీలకు వచ్చేవారు తక్కువ. అయోవాలో ప్రైమరీ బదులు జరిగే రిపబ్లికన్ కాకస్‌కు (అభ్యర్థిని ఎంచుకోవడానికి పార్టీ ఓటర్లు స్వయంగా కూడే సభలకు) 2016లో హాజరైనవారిలో పదిమందికి ఆరుగురికి పైగా ఇవాంజెలికల్ విశ్వాసులే. 1988లో టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ అక్కడ రెండో స్థానంలో నిలిచి, అప్పటి ఉపాధ్యక్షుడైన సీనియర్ బుష్‌ను మూడో స్థానానికి నెట్టాడు. ఆయన అధ్యక్షుడు కాలేదు గాని, మరుసటి ఏడాది ‘క్రిస్టియన్ కొయలిషన్’ అనే సంస్థ పెట్టి, రాల్ఫ్ రీడ్ అనే యువ నిర్వాహకుడి చేతికి అప్పగించాడు. వారు స్కూలు బోర్డుల వంటి చిన్న ఎన్నికల నుంచి పని మొదలుపెట్టారు. వారానికి ఒకసారి తప్పకుండా కలిసే జనం, వారి ఫోన్ నంబర్లు, బస్సులు, వంట చేసి పెట్టే స్త్రీలు, మాట వినే అలవాటు, ఇవన్నీ ఒక సంఘంలో ముందే ఉంటాయి. ఏ పార్టీ అయినా డబ్బు పోసి తయారు చేసుకోవలసిన యంత్రాంగం అక్కడ సిద్ధంగా ఉంటుంది.

2004 అక్టోబరు చివర్లో ఒహాయోలో ఒక స్నేహితుడి సంఘానికి వెళ్లాను. ఆరాధన ముగిశాక బయటి హాల్లో, కాఫీ ఫ్లాస్కుల పక్కన ఉన్న బల్ల మీద ఓటరు గైడ్ల కట్ట ఉంది. ఒకే కాగితం, రెండు నిలువు వరుసలు, పైన ఇద్దరు అభ్యర్థుల ఫోటోలు. ఒకరు చిరునవ్వుతో, ఇంకొకరు కళ్లు సగం మూసుకుని ఉన్న క్షణంలో తీసినది. కింద అయిదారు అంశాలు, ఎదురుగా ‘సమర్థిస్తారు’, ‘వ్యతిరేకిస్తారు’ అనే మాటలు. ఫలానా వారికి ఓటు వేయమని ఎక్కడా లేదు, చట్టం దృష్ట్యా ఉండకూడదు కూడా. నా ముందున్న పెద్దావిడ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన బైబిల్లో, ఆ రోజు పాఠం దగ్గర, గుర్తుగా పెట్టుకుంది. ఇరవై ఏళ్లు దాటినా ఆ దృశ్యం నాకు మరుపు రాలేదు. ఆ ఏడాది స్వలింగ వివాహాన్ని నిషేధించే రాజ్యాంగ సవరణలు నవంబరులో 11 రాష్ట్రాల బ్యాలెట్‌పై ఉన్నాయి, ఒహాయో వాటిలో ఒకటి. జార్జ్ డబ్ల్యూ బుష్ ఆ రాష్ట్రాన్ని లక్షా 18 వేల పైచిలుకు ఓట్లతో గెలిచాడు. సవరణ వల్లనే గెలిచాడని చెప్పడానికి ఆధారం చాలదు, కాని దేశవ్యాప్తంగా శ్వేతజాతి ఇవాంజెలికల్ ఓట్లలో దాదాపు 78 శాతం ఆయనకే పడ్డాయి.

2012లో రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రామ్నీ మోర్మన్. మోర్మన్ మతాన్ని ఇవాంజెలికల్ బోధకులు తరతరాలుగా దుర్బోధగా ఎంచారు. ఆ అక్టోబరులో రామ్నీ ప్రసిద్ధ ఇవాంజెలికల్ ప్రసంగీకుడు బిల్లీ గ్రాహంను కలిసి వెళ్లాక, గ్రాహం సంస్థ తన వెబ్‌సైటులో మోర్మన్ మతాన్ని దుర్బోధల వరుసలో పేర్కొన్న భాగాన్ని తొలగించింది. రామ్నీకి కూడా దాదాపు 80 శాతానికి దగ్గరగా ఓట్లు పడ్డాయి. సిద్ధాంతం ఓటును నడిపిస్తోందా, ఓటు సిద్ధాంతాన్ని నడిపిస్తోందా అన్న ప్రశ్న నాకు అప్పుడే మొదలైంది.

2016లో ఆ ప్రశ్నకు జవాబు మరింత స్పష్టమైంది. వ్యక్తిగత జీవితంలో నీతి తప్పిన నాయకుడు ప్రజా విధుల్లో నీతిగా ఉండగలడా అని పీఆర్‌ఆర్‌ఐ అనే సర్వే సంస్థ 2011లో అడిగినప్పుడు, శ్వేతజాతి ఇవాంజెలికల్ విశ్వాసుల్లో 30 శాతమే ఉండగలడన్నారు. 2016లో అదే ప్రశ్నకు 72 శాతం ఉండగలడన్నారు. అయిదేళ్లలో బైబిలు మారలేదు. కొందరు బోధకులు యెషయా గ్రంథం 45వ అధ్యాయాన్ని తెరిచి, యెహోవాను ఎరుగని పారసీక రాజు కోరెషును దేవుడు ఎలా వాడుకున్నాడో, ట్రంప్‌నూ అలాగే వాడుకుంటున్నాడని బోధించారు. నేను ఆ అధ్యాయాన్ని చిన్నప్పటి నుంచి చదువుతున్నాను. అందులో కోరెషు చెరలో ఉన్నవారిని విడిపించినందుకు ప్రస్తావనకు వచ్చాడు. అతణ్ణి ఓటు వేసి ఎన్నుకోమని ఏ ప్రవక్తా ఎవరినీ అడగలేదు. ఎగ్జిట్ పోల్ ప్రకారం ఆ ఏడాది ట్రంప్‌కు ఆ వర్గం నుంచి 81 శాతం ఓట్లు వచ్చాయి. ప్రతిఫలం కూడా వచ్చింది: ఆయన నియమించిన ముగ్గురు న్యాయమూర్తులు ఉన్న సుప్రీంకోర్టు 2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో రో తీర్పును కొట్టివేసింది. ఆ తీర్పు కోసం దశాబ్దాలు ప్రార్థించిన వారి సంతోషాన్ని నేను తక్కువ చేయను. అయితే 2024లో రిపబ్లికన్ పార్టీ తన ఎన్నికల ప్రణాళికలో దేశవ్యాప్త గర్భస్రావ నిషేధపు మాటను వదిలేసి, ఆ అంశాన్ని రాష్ట్రాలకు విడిచిపెట్టింది. అయినా ఆ వర్గపు ఓటు 80 శాతం ప్రాంతంలోనే నిలిచింది. గర్భస్రావమే ఏకైక కారణమైతే ఆ అంకె కొంతైనా కదలాలి కదా.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఎన్నికల ఫలితం కాదు, సంఘానికి జరిగినది. ప్యూ పరిశోధన సంస్థ ఒకే బృందాన్ని 2016లోనూ 2020లోనూ అడిగి చూసింది. 2016లో తాము ఇవాంజెలికల్ కాదన్న తెల్లవారిలో, ట్రంప్‌పై అభిమానం చూపినవారిలో 16 శాతం మంది 2020 నాటికి ఇవాంజెలికల్ అని చెప్పుకోసాగారు. వీరిలో ఎందరు మారుమనస్సు పొందారో దేవుడికే తెలుసు, కాని ఆ పేరు కొందరికి రాజకీయ గుర్తుగా మారిందని అనుకోవడానికి ఇది చాలు. మరోవైపు పీఆర్‌ఆర్‌ఐ లెక్కల్లో శ్వేతజాతి ఇవాంజెలికల్స్ 2006లో జనాభాలో 23 శాతం ఉంటే, 2020 నాటికి 14 శాతం దగ్గరకు తగ్గారు. ఎదురు మాట్లాడినవారు లేకపోలేదు. 1956లో బిల్లీ గ్రాహం స్థాపించిన ‘క్రిస్టియానిటీ టుడే’ పత్రిక సంపాదకుడు మార్క్ గాలీ 2019 డిసెంబరులో ట్రంప్‌ను పదవి నుంచి తొలగించాలని రాశాడు; సదరన్ బాప్టిస్టుల నైతిక వ్యవహారాల విభాగాన్ని నడిపిన రస్సెల్ మూర్ 2021లో ఆ పదవిని, తర్వాత ఆ శాఖనూ విడిచి వెళ్లాడు. వారి మాట పత్రికల్లో ఎంతో వినిపించింది. పోలింగ్ బూతుల్లో పెద్దగా ప్రభావం చూపలేదు.

మన దగ్గరకు వస్తే, ముందు ఒక సంగతి చెప్పాలి. 1844లో, బానిసలను ఉంచుకునేవారిని మిషనరీలుగా పంపబోమని బోస్టన్‌లోని బాప్టిస్టు మిషను బోర్డు తేల్చిచెప్పింది. దానికి నొచ్చుకున్న దక్షిణాదివారు 1845లో జార్జియాలోని ఆగస్టా నగరంలో సదరన్ బాప్టిస్టు మహాసభ పెట్టుకున్నారు. ఆ పుట్టుకకు వారు 1995లో క్షమాపణ కోరుతూ తీర్మానం చేశారు. నెల్లూరు, ఒంగోలు మిషన్లు బోస్టన్ వైపే ఉండిపోయాయి. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం పని పట్టి జనానికి కూలి ఇప్పించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో 2,222 మంది, ఎక్కువగా మాదిగలు, బాప్తిస్మం పొందారు. అంటే మా పూర్వీకులకు సువార్త తెచ్చింది, మీ అన్నయ్యగారి సంఘపు పూర్వీకులు విడిపోయి వచ్చిన ఆ రెండో వైపు వారు. బాప్టిస్టు అనే పేరు ఒకటే అయినా చరిత్ర ఒకటి కాదు.

అమెరికాలో జరిగినది అదే రూపంలో ఇక్కడ జరుగుతుందని నేను అనుకోను. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు కాబట్టి, ఆదివారం ఆరాధనకు వెళ్లే అనేక కుటుంబాలు కాగితాల మీద హిందువులుగానే ఉంటాయి. లెక్కకు దొరకని ఓటును కూడగట్టి బేరమాడడం కష్టం. ఓటు వేసేటప్పుడు మాల, మాదిగ వంటి కుల గుర్తింపు, ఊళ్లో ఎవరి వెనక ఎవరున్నారన్నది సంఘం కన్నా ముందు మాట్లాడతాయి. పైగా ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షను మతం పేరిట ఓటు అడగడాన్నే ఎన్నికల అక్రమంగా ఎంచుతుంది. 2017లో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానికి ఓటరు మతం కూడా వర్తిస్తుందని 4-3 మెజారిటీతో చెప్పింది. అమెరికాలో అభ్యర్థి మతం పేరిట ఓటు అడగవచ్చు. 1954 నాటి జాన్సన్ సవరణ పన్ను మినహాయింపు పొందే సంస్థలు అభ్యర్థులను బలపరచడాన్ని మాత్రమే నిషేధించింది, దాన్నీ గట్టిగా అమలు చేయలేదు. ఇక్కడ పార్టీలు పాస్టర్ల చుట్టూ తిరగడం నేనూ చూస్తున్నాను, దాన్ని గమనిస్తూ ఉండాలి. కాని ప్రైమరీలు లేని చోట, సొంత బడులు, రేడియోలు, విశ్వవిద్యాలయాలతో కూడిన ఆ యంత్రాంగం లేని చోట, అయోవా తరహా పట్టు రాదు.

మీ అన్నయ్యగారితో ఫోనులో వాదన పెట్టుకోవద్దని నా సలహా. దూరంగా ఉన్న అన్నదమ్ముల మధ్య ఇటువంటి వాదనలు తెగవు. ఎన్నికలకు ముందు వచ్చే ఒక అక్టోబరు ఆదివారం, డాలస్ దక్షిణ భాగంలో ఉన్న ఏదైనా నల్లజాతి బాప్టిస్టు సంఘానికి ఒక్కసారి వెళ్లి ఆరాధనలో కూర్చోమని అడగండి. ఆరాధన అయ్యాక అక్కడి బయటి హాల్లో బల్ల మీద ఏ కాగితాలున్నాయో, తన సంఘంలో ఏవి ఉన్నాయో ఆయననే మీకు చెప్పమనండి.